నోటి దురుసు కండక్టర్ మీద నేను చేసిన విచారణ

మర్యాదగా మాట్లాడటం ఎలాగో నేను చాలా ఏళ్లు కండక్టర్లకు పాఠం చెప్పాను. డిపో పై అంతస్తులో ఒక గది, అందులో ఒక నల్లబల్ల, దాని ఎదురుగా బెంచీల మీద డ్యూటీ దిగి కళ్లు నులుముకుంటూ కూర్చున్న మనుషులు. బల్ల మీద గుండ్రటి అక్షరాలతో ‘దయచేసి’, ‘రండి’, ‘క్షమించండి’ అని రాసేవాణ్ని. వాళ్లు ఒక్కొక్కరే లేచి బడిపిల్లల్లా అప్పజెప్పేవాళ్లు. బస్సు గేటు దాటగానే ఆ మాటలు ఎటు పోయేవో నాకూ తెలుసు. అయినా చెప్పేవాణ్ని. చెప్పినందుకు సంతకాలు కూడా తీసుకునేవాణ్ని.

ఇప్పుడు మా కాలనీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గర కూర్చుని, “మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?” అని అడుగుతుంటారు. దొంగ టికెట్లో, పెద్ద ప్రమాదమో చెబుతానని ఆశపడతారు. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక మనిషి నోరు. రోజూ విన్న మాటల్లో మనసుకు తగిలినదాన్ని రాసిపెట్టుకునే డైరీ అలవాటు నాకు మొదటినుంచీ ఉంది కాబట్టి, ఇందులోని మాటలు చాలావరకు అన్నవి అన్నట్టే ఉంటాయి. పేర్లు రాయను, ఏ డిపో అన్నదీ రాయను. ఆ మనుషులంతా ఇప్పటికీ అదే దారిలో తిరుగుతున్నారు. బస్సులో ఎదురుపడితే నాకు సీటు ఇవ్వాలి కదా.

నా ఉద్యోగం చివరి రోజులవి. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన కొత్త. కోరుట్ల నుంచి జగిత్యాల, కొడిమ్యాల మీదుగా సిరిసిల్ల పోయే మా ఆర్డినరీ బస్సు పొద్దున్నే నిండుకుండలా కదిలేది. ఆ బస్సులో ఒక కండక్టర్. ఎల్లారెడ్డిపేట దగ్గరి పల్లె ఆయనది. తాతలనాడు గుంటెడు భూమి లేక ఇంకొకరి పొలాల్లో కూలి చేసిన ఇల్లు. తండ్రి కాలం నుంచి క్రైస్తవులు. ఆదివారం డ్యూటీ పడకపోతే తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకు పోయేవాడు. అక్కడ పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదని చెప్పుకునేవాళ్లు. బస్సులో కూడా అక్కర్లేదు. ఆయన మాట వినాలంటే రోడ్డు పక్కన నిలబడితే చాలు.

“ఏందే ముసల్దాన, గా బీడీల గంప డ్రైవర్ నెత్తిన పెడ్తవా ఏంది? కింద పెట్టు!”

“ఓ పెద్దమనిషీ, గా తలుపు నీకు అత్తగారు కట్నం కింద ఇచ్చిండ్రా? ఇడువు! లోపటికి జరుగు!”

“జరుగుతున్న గదరా, నీ నోట్ల మన్ను వడ!” అని లోపలినుంచి జవాబు వచ్చేది. ఆ జవాబుతో ఆయన హుషారు ఇంకా పెరిగేది.

నా మర్యాద క్లాసుకు ఒకసారి ఆయన్ను కూడా పంపించారు. చివరి బెంచీలో కూర్చుని అంతా విన్నాడు. నేను “ఏమైనా సందేహాలా?” అని అడిగితే లేచి నిలబడ్డాడు.

“సార్, మీరు రాసింది మంచిగుంది. గని నేను ‘దయచేసి’ అనేలోపట బస్సు మల్యాల చౌరస్తా దాటుతది.”

గది అంతా నవ్వింది. నేను నవ్వలేదు. మాస్టారి కుర్చీలో ఉన్నప్పుడు నవ్వకూడదని నాకో నియమం ఉండేది.

కేసు ఇలా మొదలైంది. సిరిసిల్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, హైదరాబాదులో పుట్టి పెరిగినావిడ, ఉద్యోగరీత్యా కొత్తగా జగిత్యాలలో ఇల్లు తీసుకుని రోజూ ఈ బస్సులో పోయివచ్చేది. ఒకరోజు పొద్దున ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే బస్సు కదిలింది. కండక్టర్ పెద్దగా అరిచాడు. “సావనీకి నా బస్సే దొరికిందా నీకు? సచ్చేదుంటే ఇంట్లనే సావరాదు!” అన్నాడు. బస్సంతా విన్నది. ఆమె తర్వాతి స్టాపులో దిగి, వేరే బస్సులో కాలేజీకి పోయి, ఆ సాయంత్రం డిపోకు వచ్చి ఫిర్యాదు రాసిచ్చింది.

నోటి దురుసు మీద ఆయనకు ఇదివరకే మెమోలున్నాయి. పైగా ఆ రోజుల్లో, ఉచితంగా ఎక్కుతున్నారని ఆడవాళ్లను కండక్టర్లు చులకన చేస్తున్నారన్న మాట ఊరంతా ఉంది. పైనుంచి గట్టి ఆదేశాలు వచ్చాయి. ఈసారి అభియోగం రుజువైతే ఉద్యోగం పోతుందని డిపోలో అందరికీ తెలుసు. ఆయన కూతురు కరీంనగర్‌లో నర్సింగు చదువుతోంది. ఇంట్లో జీతం ఆయనదొక్కటే.

విచారణ నాకు అప్పగిస్తూ డిపో మేనేజర్ అన్నాడు: “మర్యాద మాస్టారు మీరే కదా. మీకంటే తగినవాళ్లు ఎవరున్నారు?” అందులో ఎగతాళి ఎంతో, నమ్మకం ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

కండక్టర్ తరఫున యూనియన్ నాయకుడు నిలబడ్డాడు. ఆయన్ను గురించి కూడా చెప్పాలి. ఇన్నేళ్లలో ఆయన నోట ఒక్క పెళుసు మాట నేను వినలేదు. అటెండరును కూడా ‘అన్నగారూ’ అనేవాడు. నా పాఠాలన్నీ ఒక మనిషిగా పుడితే అచ్చం ఆయనలా ఉంటాయి. విచారణ ముందురోజు నా గదికి వచ్చి, “అన్నా, మీరు దేవుని లెక్క. ఒక కుటుంబం మీ చేతుల్ల ఉన్నది. సాక్షులను నేను తీసుకొస్త. మీరు వాళ్లు చెప్పింది రాసుకుంటే చాలు” అన్నాడు. ఎంత చక్కగా మాట్లాడతాడీ మనిషి అనుకున్నాను.

మరుసటి రోజు అదే మర్యాద క్లాసు గదిలో విచారణ జరిగింది. వేరే గది ఖాళీగా లేదు. ఫిర్యాదు చేసినావిడ ఒక పక్క కూర్చుంది. ఇంకో పక్క కండక్టర్, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో, పెదవులు గట్టిగా బిగించుకుని. ‘నీ వంతు వచ్చేదాకా నోరు తెరవకు’ అని నాయకుడు ఆయనకు గట్టిగా చెప్పి తెచ్చాడట. ఆయన అలా మూసిన నోటితో కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. మెడ నరాలు ఉబ్బి, డాక్టరు ఎదుట నోట్లో థర్మామీటరు పెట్టుకున్న మనిషిలా ఉన్నాడు.

ముందు ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా ఎక్కువ కల్పించలేదు, ఎక్కడా ఏడవలేదు. నాయకుడు లేచి, “అమ్మా, మీరు అక్కలాంటివారు. గంత గుంపులో గా మాట ఇంకెవరో అని ఉండొచ్చు కదా?” అని అడిగాడు.

“ఆ గొంతు ఒకసారి వింటే ఇంకొకరిది అనుకోలేమండీ,” అందామె.

ఆ తర్వాత సాక్షులు. కొడిమ్యాల దాటాక వచ్చే పల్లె నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, ఆ రోజు పని మానుకుని వచ్చారు. వాళ్లలో పెద్దది, రోజూ బీడీల గంపతో బస్సెక్కే అవ్వ, ముందుకొచ్చి కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“చెప్పవ్వా. ఈ కండక్టర్ బస్సులో ఎట్లా మాట్లాడతాడు?”

“కండక్టర్ సారు మస్తు మంచోడు సారు,” అందామె. ‘సారు’ అన్న మాటకు పక్కనున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “మెల్లగ మాట్లాడ్తడు. కోడిపిల్ల లెక్క.”

“ఎవరినీ ఎప్పుడూ ఒక్క మాట అనలేదా?”

“అనలే. ‘అమ్మా, జరుగుండ్రి అమ్మా’ అంటడు. పువ్వు లెక్క అంటడు.”

కండక్టర్ మొహం ఎర్రబడుతోంది. నాయకుడు తృప్తిగా తల ఊపుతున్నాడు. నేను రాసుకుంటూనే, “అవ్వా, నిజమేనా? బాగా ఆలోచించుకుని చెప్పు,” అన్నాను.

“అబద్ధమెందుకు చెప్త సారు? కావాల్నంటే యేములాడ రాజన్న దేవుని మీద ఒట్టు...” అంటూ ఆమె కుడిచెయ్యి పైకెత్తింది.

అంతే. కుర్చీ వెనక్కి పడింది.

“ఓ ముసల్దానా! దించు చెయ్యి! నోరు ముయ్యవే, నీకేమన్న పిచ్చి లేసిందా? సోమారం నాడు మనుమరాలి మొక్కుకు యేములాడ పోతున్న అని బస్సుల అందరికి చాటింపేస్తివి గద! గుడి సుట్టు కోడెను తిప్పి కట్టిపిస్త అంటివి గద! పోరి కాన్పు గండం గడిచి తల్లీబిడ్డ ఇంటికొచ్చిండ్రని ఏడ్సుకుంట నాకే చెప్తివి. గదే నోటితోని గా దేవుని మీదనే అబద్ధం ఒట్టు పెడ్తవా? సిగ్గులేదా ముసలిముండా?”

నాయకుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అంత తీపి మనిషి నోట మొదటిసారి తడబాటు విన్నాను: “సార్... అన్నా... గిది మాత్రం రాయకుండ్రి.”

“రాసేశాను,” అన్నాను. నిజంగానే రాసేశాను. చెయ్యి అలవాటు అలాంటిది.

అవ్వ ఏమాత్రం జంకలేదు. కండక్టర్ వైపు తిరిగి కొంగు బిగించింది. “నీ కొలువు పోతే నీ బిడ్డ సదువు ఎట్లరా, బుద్ధిలేనోడా? రాజన్న నాకు ఎరుకున్నోడే. సోమారం పోయినంక ఆయనను నేనే సముదాయించుకుందును. నడుమ నీకేంది?”

“నీకు ఎరుకున్నోడైతే అసలే పెట్టొద్దు! ఎరుకలేనోని మీద పెట్టు!”

ఫిర్యాదు చేసినావిడ తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని కంగారుపడ్డాను. కాదు, నవ్వు ఆపుకుంటోంది.

కండక్టర్ పడిన కుర్చీని తనే లేపి నిలబెట్టాడు. కూర్చోలేదు. “రాసుకోండ్రి సార్. మేడంను గా మాట అన్నది నేనే. గీ ముసల్దాన్ని రోజు తిట్టేది నేనే. మా ఇంట్ల ఒట్టు పెట్టుకునుడు లేదు సార్, మా నాయిన పెట్టనియ్యలే. గామె దేవుడు నా దేవుడు కాడు. గని గామెకు దేవుడే గద. నా కొలువు కోసం గామె పోయి ఆయన ముంగట ఎట్ల నిలవడ్తది?”

“మేడం గారిని ఎందుకట్లా అన్నావు?” అని అడిగాను.

ఆయన కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నాడు. “కాలు జారితే కింద ఎనుక టైరే సార్. నాకు భయమైంది. భయమైతే నాకు తిట్టే అస్తది. ఇంకోటి రాదు.”

అప్పుడు ఆవిడ మాట్లాడటానికి అనుమతి అడిగింది. “ఆయన తిట్టారని కాదు సర్. మా ఇంట్లోనూ పెద్ద గొంతులే. ఈ మధ్యే మా తమ్ముడు బండి మీద బయటికెళ్లి తిరిగి రాలేదు. చావు అనే మాట నా చెవిన పడితే రోజంతా చేతులు వణుకుతాయి. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. అందుకే రాశాను.” నా కాగితం వైపు చూపించి, “ఇంకొకటి కూడా రాసుకోండి. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది ఈయనే. లాగకపోతే పడిపోయేదాన్నే,” అంది.

కండక్టర్ అప్పుడు కూర్చున్నాడు. పెద్ద శరీరం, ఒక్కసారిగా చిన్నబోయింది. “నాకు ఎరుకలేదమ్మా,” అన్నాడు. ఆ గొంతులో అంత చిన్న ధ్వని ఉందని ఆ రోజే తెలిసింది. “గా మాట ఇగ నా నోట్ల రాదు.”

“ఒట్టు పెట్టవా మరి?” అంది అవ్వ.

“ఒట్టెందుకే? చెప్పిన గద!”

ఈసారి ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లు, వాళ్లను చూసి నాయకుడు. నేనూ నవ్వాను, మాస్టారి కుర్చీలోనే.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. ఆ యూనియన్ నాయకుడిది చెడ్డ బుద్ధి కాదు. ఒక ఇంటి అన్నం నిలబెట్టాలని చూశాడు. కానీ ఒక ముసలమ్మ మొక్కును అందుకు పెట్టుబడి పెడుతున్నానన్న సంగతి ఆయనకు తోచనే లేదు. పట్టులాంటి ఆ నాలుక మీంచి అది నున్నగా జారిపోయింది. రంపంలాంటి ఇంకొకడి నాలుక అక్కడే ఆగి మొరాయించింది. ఆయనకు ఆ అవ్వ మనుమరాలి కాన్పు తెలుసు, మొక్కు తెలుసు, ఏ వారం పోతుందో తెలుసు. తిట్టేవాడు అంత శ్రద్ధగా వింటాడని నా నల్లబల్లకు ఎన్నడూ తెలియలేదు. అట్లాగని దురుసుతనం గొప్పదని నేను చెప్పడం లేదు. ఆ ఒక్క మాటకు ఆ ఆడబిడ్డ చేతులు ఎట్లా వణికాయో కూడా ఆ గదిలోనే విన్నాను. మంచి మనసు లోపల ఉంది కదా అని బయటికి రాళ్లు విసరకూడదు. లోపలున్నది ఎదుటివాళ్లకు కనపడదు, తగిలేది రాయే.

అభియోగం రుజువైందని రాశాను. చివరి హెచ్చరికతో సరిపెట్టవచ్చని సిఫారసు చేశాను. మేనేజర్ చదువుతూ కోడె మొక్కు దగ్గరికి వచ్చేసరికి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

“రుజువైంది అంటూనే వదిలేయమంటున్నారు.”

“వదిలేయమనలేదు సార్. హెచ్చరించమన్నాను.”

“ఇంకొక్క ఫిర్యాదు వస్తే?”

“రాదు.”

“ఎట్లా చెప్పగలరు?”

“రాదని ఆయన చెప్పాడు సార్. ఒట్టు పెట్టలేదు. అందుకే నమ్ముతున్నాను.”

మేనేజర్ ఒప్పుకున్నాడు కానీ మెలిక పెట్టాడు. కొద్దిరోజులు నేనే ఆ బస్సులో తిరిగి, ఆయన మాటతీరు చూసి రాసివ్వాలి. ఒక్క పాత మాట దొర్లినా కాగితం పైకి పోతుంది.

మొదటిరోజు జగిత్యాల బస్టాండులో వెనక సీటులో కూర్చున్నాను. బస్సు కిక్కిరిసింది. ఆవిడ కూడా ఎక్కి మధ్యలో నిలబడింది. కండక్టర్ గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, దయచేసి... లోపలికి జరగండి,” అన్నాడు.

ఒక్కరూ జరగలేదు. అందరూ తిరిగి ఆయన మొహం చూశారు. “ఏమైందిరా నీకు?” అని ఎవరో అడిగారు. కొడిమ్యాల దాటాక గంపతో ఎక్కిన అవ్వ, ఆయన “రండమ్మా” అనగానే గంప వదిలేసి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “జ్వరమొచ్చినట్టుంది సారూ,” అంది నాతో, “గీయనకు సెలవియ్యుండ్రి.”

అంతా నవ్వుతున్నారు కానీ ఆయన కళ్లలో నిజంగానే దిగులుంది. ఎవరూ మాట వినడం లేదు. తలుపు దగ్గర జనం పేరుకుపోతున్నారు. టికెట్ మిషన్ పట్టుకున్న చెయ్యి ఊరికే అటూ ఇటూ ఊగుతోంది. ఈ మనిషి ఇట్లా ఎన్నాళ్లు నెట్టుకొస్తాడని నాకే భయం వేసింది.

తర్వాతి స్టాపులో ఒక యువకుడు ఫోన్లో మాట్లాడుతూ ఎక్కి, లోపలికి రాకుండా మెట్టు మీదే ఒంటికాలితో వేలాడాడు. బస్సు కదిలింది. ముందు మలుపు. కండక్టర్ చూశాడు. మొహంలోకి నెత్తురు ఎక్కింది. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో బస్సు మొత్తానికి తెలుసు. ఆవిడ కడ్డీని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. అవ్వ “అగో” అంది. నేను కలం పైకెత్తాను.

ఆయన నోటిదాకా వచ్చిన మాటను మింగాడు. ఆ తర్వాత, వెనక అద్దాలు గలగలలాడేలా అరిచాడు.

“ఓరి గాడిదా! నూరేండ్లు బతుకు! పెండ్లాడు! పిల్లలు పుడ్తరు, మనుమలు పుడ్తరు, నీ పండ్లన్ని రాలేదాక బతుకు! లోపటికి రా ముందుగాల!”

యువకుడు ఫోను జారవిడుచుకోబోయి, పట్టుకుని, ఒక్క దూకులో లోపలికొచ్చి పడ్డాడు. అతని వెనకే తలుపు దగ్గరి గుంపంతా కూడబలుక్కున్నట్టు లోపలికి జరిగింది.

ఆవిడ కళ్లు తెరిచింది. ముందు ఆమె నవ్వింది, చేతిలోని పుస్తకాలు కింద పడేంతగా. ఆ తర్వాత బస్సంతా నవ్వింది. కండక్టర్ మాత్రం నవ్వలేదు. చెమట తుడుచుకుంటూ నా వైపు చూశాడు, ఇది నడుస్తుందా అన్నట్టు. నడుస్తుందని తల ఊపాను.

ఇంక ఆయన్ను ఆపేవాళ్లు లేరు. “నీ కడుపు సల్లగుండ, గా మూట తియ్యే!” “నీ ఇల్లు బంగారం గాను, ఆధార్ కార్డు సూపెట్టవే!” సిరిసిల్ల దాకా అదే గొంతు, అదే కోపం, అన్నీ దీవెనలే.

అవ్వ గంప సర్దుకుని నా పక్కన చతికిలబడింది. చెవుల్లో వేళ్లు పెట్టుకుని అంది:

“గీడు గింత గట్టిగ దీవిస్తే, ఈని దేవుడు, నా రాజన్న ఇద్దరు జడుసుకోని అడిగినయన్ని ఇచ్చేస్తరు సారూ.”